కాశీకి నలభై నీళ్ళ సంచులు

“…నూరు కిలోలత్తా, నూరు కిలోలు! బియ్యమైతే దోవలో కొనుక్కోవచ్చు. ఇది యాడ కొంటావు? రైల్లో టీ అమ్మేవాడు తెస్తాడా?”

“మెల్లిగా మాట్లాడు సతీషూ. నీ గొంతు కూవం ఏరు అవతలికి ఇనబడతా ఉండాది.”

“ఇనబడనీ. నెలనెలా ఈ పెట్టెలు మేడ మీదికి మోసేది నేను. దీని బరువు నాకు తెలుసు. నువ్వైనా అమ్మకి నచ్చజెప్తావని పిలిస్తే, వచ్చీరాంగానే ఆమె బ్యాగు యాడుండాదని అడగతావే!”

“నేను బ్యాగులు చూసేదాన్నప్పా. బ్యాగు గాక ఇంకేం అడిగేది?”

మంచం మీద కూర్చున్న భువనేశ్వరి ఇద్దరి మాటలూ వింటూ చీర అంచుకు వేలాడుతున్న దారప్పోగు ఒకటి తెంపింది. కొడుకు వైపు గాని అలమేలు వైపు గాని చూడలేదు. ఆమె వెనక గోడకు ఆనించి పది అట్టపెట్టెలు నిలువుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో నాలుగు సంచులు, ఒక్కో సంచిలో రెండు లీటర్ల మందునీళ్ళు. సంచీ, గొట్టాలూ, అట్టా కలిపి ఒక్కోటి రెండున్నర కిలోలు తూగుతుంది.

భువనేశ్వరికి అరవై ఎనిమిదేళ్ళు. మూత్రపిండాలు పనిచేయడం మానేసి మూడేళ్ళయింది. పొట్టకు అమర్చిన సన్నని గొట్టం గుండా ఆ నీళ్ళు ఎక్కించుకోవాలి. కొన్ని గంటలు లోపల ఉంచి, దించేసి, మళ్ళీ కొత్తవి ఎక్కించుకోవాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. ఇంట్లో దీన్ని నీళ్ళు మార్చడం అంటారు. కాశీయాత్ర పన్నెండు రోజులు. పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు, మిగులుకు నాలుగు. మొత్తం నలభై.

నెల ముందు చెప్పి ఉంటే మందు కంపెనీవాళ్ళు కాశీలోనే అందించేవాళ్ళట. ఆ సంగతి తెలిసేసరికి ప్రయాణానికి తొమ్మిది రోజులే మిగిలాయి. రైలు పార్శిల్లో వేయడానికి సతీషే ఒప్పుకోలేదు. ఆ పెట్టెలు ఒక పూట ఆలస్యంగా అందితే అమ్మ ఆ పూట ఏం చేస్తుంది?

“వచ్చే ఏడు పోవచ్చు గదమ్మా” అన్నాడు సతీష్, గొంతు తగ్గించి.

“వచ్చే ఏడు నేను మిషను మీద ఉంటా” అంది భువనేశ్వరి.

అది నిజం. ఈ పద్ధతి ఆమె పొట్టకు ఇంక ఎక్కువ కాలం పనిచేయదనీ, ఉగాది దాటాక ఆసుపత్రిలో మిషను మీదికి మారాలనీ డాక్టరు చెప్పాడు. వారానికి మూడు రోజులు ఆసుపత్రి. ఇక ఊరు దాటడం అయ్యే పని కాదు. కాశీ జాబితాలో ఆమె పేరు ఇంతకు ముందు మూడుసార్లు ఎక్కింది. ఒకసారి కోడలి పురుడు, ఒకసారి కరోనా, ఒకసారి ఈ జబ్బు. మూడుసార్లూ కొట్టేశారు. ఇది నాలుగోసారి. ఇంకోసారి ఉండదు.

అలమేలు ఇదంతా ఎరుగును. చాపమీద కూర్చుని, దారానికి వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని, భువనేశ్వరి సర్దుకున్న ఎర్రసంచి జిప్పు లాగింది.

చింతాద్రిపేటలో ఆమెను పెట్టి అలమేలు అంటారు; అరవంలో పెట్టి అంటే పెట్టె. వాళ్ళ ముత్తాతలు నేతపని కోసం నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. ఆమె పుట్టేనాటికే మగ్గాలు లేవు. పద్దెనిమిదో ఏట తొండియార్‌పేటలో ఎగుమతి బట్టల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేరింది. ముప్పై రెండేళ్ళు చొక్కాలు మడిచి అట్టపెట్టెల్లో పెట్టింది. మొదటి నెలలో జెబకుమార్ అనే సూపర్‌వైజరు ఆమె సర్దిన పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, “లోపల ఎవరో నడుస్తా ఉన్నారు, విప్పు” అన్నాడట. తరవాత ఆమె పెట్టెల్లో ఎవరూ నడవలేదు. భర్త ఆనందన్ అదే కంపెనీలో కత్తిరింపు పని చేసేవాడు. కంపెనీ మూతపడిన మూడో ఏడు పోయాడు.

ఆ మూతపడిన ఏడే ఆమె మొదటిసారి గోపాలస్వామి బృందంతో కాశీ వెళ్ళింది. గోపాలస్వామి అదే పేటలో అట్టల వ్యాపారం చేసి కొడుకుకు అప్పజెప్పిన పెద్దమనిషి. ఏటా మాఘమాసంలో సుమారు నలభై మందిని కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య తిప్పి తీసుకొస్తాడు. ఆ మొదటి ప్రయాణంలో ఆమె మామూలు యాత్రికురాలు. రెండో రోజు మధ్యాహ్నం రైల్లో ఆకులు వేసినప్పుడు అందరి సంచులూ తెరుచుకున్నాయి. ముప్పై ఎనిమిది మందికి ఇరవై తొమ్మిది ఊరగాయ సీసాలు బయటికొచ్చాయి. ఉత్తరాదిలో చింతపండు దొరకదని ఎవరికి వాళ్ళు తెచ్చుకున్న చింతపండు పదకొండు కిలోలు తేలింది. నలుగురి చీరలకు ఊరగాయ నూనె అంటింది. ఆ రాత్రి ఒకామెకు తలనొప్పి వస్తే అంతమందిలో ఒక్కరి దగ్గరా తైలం సీసా లేదు.

తిరిగి వచ్చాక అలమేలు గోపాలస్వామి ఇంటికి వెళ్ళి, “అన్నా, వచ్చే ఏడు ఎవురేం తెచ్చేదీ నేను చెప్తా” అంది. అప్పటినుంచి ఆ పని ఆమెది. ఊరగాయ రెండిళ్ళు తెస్తాయి. పొడులు మూడిళ్ళు. చింతపండు వంటవాళ్ళ దగ్గరే.

ఇంకో నియమం రెండో ఏడు వచ్చింది. పెద్దవాళ్ళ మాత్రలు పోకుండా ఉండాలని గోపాలస్వామి అందరివీ ఒకే సంచిలో పెట్టించాడు. ఉత్తరాదిలో ఒక జంక్షన్‌లో రైలు మారేటప్పుడు ఆ సంచే ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది. మధ్యాహ్నమంతా గోపాలస్వామీ అలమేలూ మందుల షాపులు పట్టుకు తిరిగారు. ఆ తరవాత ముఖ్యమైన వస్తువు ఏదీ మొత్తంగా ఒక సంచిలో ఉండటానికి ఆమె ఒప్పుకోలేదు.

ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి ఇల్లిల్లూ తిరుగుతుంది. చాప మీద సంచి కుమ్మరింపిస్తుంది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న: “ఇది ఎన్నో రోజు వాడతావు?” రోజు చెప్పలేని వస్తువు పక్కకు పోతుంది. నాలుగు జతల చెప్పులు తెచ్చిన రిటైర్డు బ్యాంకు మేనేజరు మోహన్‌రాజ్ రెండు జతలకు రోజులు చెప్పగలిగాడు, మూడో జతకు ముందు నీళ్ళు నమిలి తరవాత నవ్వేశాడు. ఒక ముసలాయన చిన్న రేడియో తెచ్చుకున్నాడు. ఎన్నో రోజంటే, రోజూ అన్నాడు. అలమేలు మీట తిప్పింది. పలకలేదు. “అది పలికి పదేళ్ళయిందమ్మా” అన్నాడాయన. ఆమె ఇంకేం అడక్కుండా దాన్ని తువ్వాల్లో చుట్టి అడుగున పెట్టింది.

ఎవరి సంచి అయినా నాలుగో వంతు ఖాళీగా ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇరుగుపొరుగుకు గంగ చెంబులు తేవాలి గదా. ఆ ఖాళీ లేకుండా వెళ్ళినవాళ్ళు చివరి రోజు చెంబులు చేతుల్లో పట్టుకుని రైలెక్కుతారు, మూతలు ఊడి గంగ బెర్తు మీద పారుతుంది. చివరిగా, ప్రయాణం ముందు ఆదివారం గోపాలస్వామి మేడ మీద అందరూ చేరాలి. ఇరవై రెండు మెట్లు. ఎవరి సంచి వాళ్ళు మోసుకుని, నడుమ దించకుండా ఎక్కాలి. ఎక్కలేకపోతే సంచి తగ్గుతుంది. రైల్వే వంతెనల మీద ఎవరూ ఎవరి సంచీ మోయలేరని ఆమె లెక్క.

భువనేశ్వరి ఎర్రసంచిలో అలమేలు తీసేయడానికి ఏమీ దొరకలేదు. నాలుగు చీరలు, తువ్వాలు, చిన్న విష్ణుసహస్రనామం పుస్తకం, మాస్కులు, చేతులు కడుక్కునే మందు. ఆమె చాపమీద నుంచి లేచి అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళింది. పైదాని మూత తెరిచి ఒక సంచిని రెండు చేతుల్తో ఎత్తి బరువు చూసింది.

“వదినా, నీళ్ళు మార్చే టైమెప్పుడు?”

“ఇంకో అర్ధగంట.”

“సరి, ఉంటా. చూడాల.”

సతీష్ పనికి వెళ్ళిపోయాడు. ఏసీలు బాగుచేసే కంపెనీలో అతని పని. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, “నువ్వు చూసి ఏం చేస్తావత్తా, నీళ్ళని మడిచి చిన్నది చేస్తావా?” అన్నాడు. అలమేలు నవ్వింది.

భువనేశ్వరి కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది. మాస్కు కట్టుకుని, అలమేలుకూ ఒకటి ఇచ్చింది. వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, మణికట్లు వరసగా రుద్దుతూ చేతులు కడుక్కుంది. కొత్త సంచిని గోడకున్న మేకుకు తగిలించింది. పాత నీళ్ళు దిగుతుంటే ఇద్దరూ చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

“రైల్లో ఇట్ట చెయ్యచ్చా?”

“బెర్తు చుట్టూ దుప్పటి కట్టుకొని, గాలి రాకుండా చేసుకొని చెయ్యచ్చునన్నాడు డాక్టరు. పక్కన ఒక మనిషి ఉండాలన్నాడు.”

“ఆ మనిషి నేను. నాకు నేర్పియ్యి.”

భువనేశ్వరి గొట్టంలో దిగుతున్న నీళ్ళు చూసుకుంది. “నువ్వు రావద్దంటే మానుకుంటా అలమేలూ. వాడి మాటైతే ఇనను. నీ మాట ఇంటా.”

“రావద్దనేది నా పని గాదు వదినా.”

“కాశీలో పోతే పుణ్యమంటారు గదా. దానికి గూడా సిద్ధమే.”

“పుణ్యం నీకు. కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగేది గోపాలస్వామన్నకి. సుమ్మా ఉండు, అట్టాంటి మాటలు వద్దు.”

భువనేశ్వరి పొట్ట పట్టుకుని నవ్వింది. గొట్టం కదులుతుందని ఆపుకుంది.

అలమేలు ఆ నలభై సంచులకూ తన ప్రశ్న వేసి చూసుకుంది. ముప్పై ఆరింటికి రోజు ఉంది, పూట కూడా ఉంది. మిగతా నాలుగూ డాక్టరు చెప్పినవి. తీసేయదగిన సంచి ఒక్కటీ లేదు. ఒక్క మనిషికి నూరు కిలోలు తగ్గించడం కుదరదు. అలాంటప్పుడు దాన్ని ఒక్క మనిషి సామానుగా చూడకూడదు.

ఇంటివాడుకలో ఉన్న నీళ్ళ సంచులు రెండు అడిగి తీసుకుని వెళ్ళింది.

మూడు రోజులు వాటితోనే ఉంది. తన ప్రయాణపు సంచిలో ఒకటి నిలువుగా పెట్టి చింతాద్రిపేట రైలు స్టేషను మెట్లు ఎక్కి దిగింది. మూల నలిగింది. అడ్డంగా పెట్టి, పైనా కిందా తువ్వాళ్ళు వేసి, చుట్టూ మెత్తని నూలుచీర తిప్పి మళ్ళీ ఎక్కింది. సంచిని అరుగు మీద నుంచి కింద పడేసి చూసింది. ఏమీ కాలేదు. జిప్పు పళ్ళకు తగలకూడదని, దువ్వెనా పిన్నీసులూ ఉన్న పొట్లం వేరే అరలోకి మార్చాలని తెలిసింది. రెండు సంచులూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం మూడోసారి మెట్లు దిగేసరికి ఒకటి కారింది. ఇంకొక సంగతి కూడా గమనించింది. అడ్డంగా పెట్టిన నీళ్ళ సంచి, గంగ చెంబుల కోసం తాను ఖాళీ ఉంచమనే ఆ నాలుగో వంతులో సరిగ్గా సరిపోయింది. పోయేటప్పుడు ఆ చోటు ఎవరికీ అక్కర్లేదు. వచ్చేటప్పటికి ఈ నీళ్ళు ఉండవు.

మూడో రోజు సాయంత్రం గోపాలస్వామి ఇంటికి వెళ్ళి చెప్పింది. ఆయన డెబ్బై నాలుగేళ్ళ మనిషి, దేనికైనా వెంటనే సరే అనడు.

“మొత్తం నలభై రెండు మంది. ఆమెని తీసేస్తే నలభై ఒక్కరు. మనిషికొకటి మోస్తే నలభై అవతాయి, ఒకరు ఊరికే వస్తారు” అంది అలమేలు.

“అందరూ పెద్దవాళ్ళు గదమ్మా. తమ బరువే తమకి ఎక్కువ.”

“ఒకటి కన్నా ఎక్కువ ఎవురికీ ఇయ్యను. రోజూ మూడు సంచులు తగ్గిపోతా ఉంటాయి. ఒక బ్యాగు పోయినా ఒక్క సంచే పోతుంది, దానికి నాలుగు మిగులుండాయి.”

“అడిగితే మొహమాటానికి సరే అంటారు. తరవాత ఆడ రైల్లో నన్ను తిడతారు.”

“మొహమాటపడే వాళ్ళకి నేను ఇయ్యనన్నా. ఇష్టంలేని చేతిలో మూట భద్రంగా రాదు. నువ్వు అడగద్దు, నేనే అడగతా. ఎవురన్నా వద్దంటే మళ్ళీ అడగను.”

గోపాలస్వామి డాక్టరు ఉత్తరం కావాలన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, “సరి, ఆదివారం అడుగు. నలభై కుదిరితే వస్తుంది. కుదరకపోతే పేరు కొట్టేసేది నేనే. అది నువ్వు చెయ్యద్దు” అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి గోపాలస్వామి మేడ నిండిపోయింది. ఒక్కొక్కరే సంచి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని, ఇరవై రెండు మెట్లు ఎక్కి వచ్చి, పైన కూలబడి మంచినీళ్ళు తాగారు. సతీష్ పది అట్టపెట్టెలూ ఆటోలో తెచ్చి, ఒక్కొక్కటే పైకి మోసి గోడ దగ్గర పెట్టాడు. ఇది జరిగే పని కాదని అతని నమ్మకం. అమ్మ తెమ్మంది కాబట్టి తెచ్చాడు. భువనేశ్వరి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది.

అలమేలు ప్రసంగం చేయలేదు. అందరి నడుమా చాప పరిచి తన సంచి కుమ్మరించింది. ఈ పదేళ్ళలో అందరి సంచులూ చూసిన మనిషి సంచి ఎవరూ చూడలేదు. మెడలు సాచి చూశారు. మూడు చీరలు, ఒక శాలువ, రెండు తువ్వాళ్ళు, తైలం సీసా, సూదీ దారం, పది మూరల తాడు. ఇంకేమీ లేవు.

నీళ్ళ సంచి ఒకటి తీసుకుని అదేమిటో, ఎవరికో చెప్పింది. తువ్వాలు పరిచి దాన్ని అడ్డంగా పడుకోబెట్టింది. పైన ఇంకో తువ్వాలు, చుట్టూ చీర. మిగతావి సర్ది జిప్పు మూసింది. సంచి భుజాన వేసుకుని కిందికి దిగి, మళ్ళీ పైకి వచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, ఆయాసపడింది. ఆ ఆయాసం దాచుకోలేదు.

“ఇంతే. ఇట్ట ఒక్కొక్కటి తెచ్చేవాళ్ళుంటే రండి. లేదంటే పరవాలేదు, నేనేం అనుకోను, భువనొదినా అనుకోదు.”

మొదట మాట్లాడింది జానకీదేవి. ఆమెది గుడివాడ. కొడుకు వంశీకృష్ణకు ఇక్కడ కంప్యూటరు ఉద్యోగం, అతని దగ్గరికి వచ్చి ఏడాదయింది. ఈ బృందంలో ఎవరూ ఆమెకు చుట్టం కాదు.

“అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండమ్మా. దార్లో ఆవిడకి ఏదన్నా అయితే, మా సంచిలో నీళ్ళు పాడయ్యాయనే మాట వస్తే? మా మీదకి రాదంటారా?”

కొందరు ఆమెను గుచ్చి చూశారు. అలమేలు మాత్రం తలూపింది.

“మంచి మాటే అడిగినావమ్మా. సంచి పైకవరు చినిగిందా లేదా అని ఎక్కించే ముందు నేను చూస్తా, ఆమె చూస్తుంది. చినిగుంటే వాడం, పారబోస్తాం. అందుకే నాలుగు ఎక్కువ. నీ మీదికి వచ్చేదేమన్నా ఉంటే నీ చీర తడుస్తుంది, అంతే.”

“అంతేనా?”

“అంతే. తడిసిన చీర నేను ఉతికిస్తా.”

జానకీదేవి తన పెద్ద గట్టిపెట్టె మూత ఎత్తింది. లోపలి స్టీలు డబ్బా పైకి తీసి, “ఇవి సున్నుండలు. ఎన్నో రోజు తింటారని అడక్కండి, ఇవాళే తినేద్దాం” అని పక్కనున్న ఆమె చేతిలో పెట్టింది. డబ్బా వరసగా చేతులు మారింది. “నాకు నాలుగు సంచులు ఇవ్వండమ్మా. నా పెట్టెకి చక్రాలున్నాయి.”

“వంతెన మెట్ల మీద చక్రాలు తిరగవమ్మా. ఒకటి తీసుకో.”

ఆ తరవాత గంటన్నర పని జరిగింది. అలమేలు మోకాళ్ళ మీద ఒక్కొక్కరి సంచి దగ్గరికీ వెళ్ళి, తువ్వాలు ఎలా వేయాలో తన చేత్తో చేసి చూపించి, విప్పి, వాళ్ళ చేత చేయించింది. చేసినవాళ్ళు మళ్ళీ మెట్లు దిగి ఎక్కాలి.

“రెండోసారా! మొదటిదానికే నా మోకాళ్ళు పలక్కుండా పోయినాయి.”

“మోకాళ్ళు ఇంట్లో పెట్టేసి రా, బరువు తగ్గుతుంది.”

మేడంతా నవ్వింది. అలమేలు నవ్వలేదు. ఆమె మెట్ల తలుపు దగ్గర నిలబడి ఎక్కుతున్నవాళ్ళ ముఖాలు చూస్తోంది.

ఆరుగురు వద్దన్నారు. ఒకాయన భార్యకు భయమన్నాడు. అలమేలు “సరి సరి” అని ముందుకు జరిగింది, కారణం పూర్తిగా వినను కూడా లేదు. ఎనిమిది మంది సంచి వేసుకుని బయల్దేరి నడుమ మెట్టు మీద ఆగిపోయారు. మోహన్‌రాజ్ పద్దెనిమిదో మెట్టు దాకా వచ్చి కటకటాలు పట్టుకున్నాడు.

“నాలుగు మెట్లే గదమ్మా, కొంచెం ఊపిరి పీల్చుకుని ఎక్కేస్తాను.”

“మీరు ఎక్కుతారు సార్. రైలు ఆగదు.” ఆమె దిగి వెళ్ళి అతని సంచిలోంచి నీళ్ళు తీసుకుని, మోసేవాళ్ళ పేర్లు రాసుకున్న చీటీలో అతని పేరు మీద గీత కొట్టింది. అతను ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

పన్నెండు కొట్టేసరికి నీళ్ళు పెట్టుకున్నవాళ్ళ సంచులు గోడ వారగా వరసలో ఉన్నాయి. అలమేలు లెక్కపెట్టింది. ఇరవై ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. పదమూడు నీళ్ళ సంచులు చాప మీద మిగిలిపోయాయి.

గోపాలస్వామి చేతిలో జాబితా ఉంది. కలం జేబులోనే ఉంది. ఆయన అలమేలు వైపు చూశాడు.

సతీష్ చాప దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. పొద్దుటినుంచి ఆ మెట్ల మీద పెద్దవాళ్ళు రొప్పుతూ ఎక్కి దిగడం చూశాడు. అతని గొంతులో కోపం పోయింది.

“అత్తా, పదమూడే. గట్టిగా ఉండేవాళ్ళు పదమూడు మందికి రెండేసి పెట్టేయి. ఆ జానకమ్మ నాలుగు తీసుకుంటానన్నాది గదా.”

“రెండు పెట్టి చూసినాలే. ఒకటి కారింది.”

“నువ్వు ఒక్కసారే చూసినావు. ఇంకా బాగా చుట్టి పెడితే…”

“ఎట్ట చుట్టినా రెండు నీళ్ళ సంచులు ఒకదానికొకటి రాసుకుంటాయప్పా. పదమూడిట్లో నాలుగు కారితే మిగులు ఐపోతుంది. ఐదు కారితే ఒక పూట మీ అమ్మకి నీళ్ళుండవు. ఆ పూట నేను ఏం చెప్పేది ఆమెకి?”

“నలభై కుదరకపోతే పేరు కొట్టేస్తారు గదా!” అతను దాదాపు అరిచాడు. “ఆ పొద్దు నేను వద్దంటే నువ్వే గదా వచ్చి… ఇప్పుడు అందరూ తెస్తామంటే నువ్వే వద్దంటాండావే! ఒక్క పదమూడు సంచులకోసరం!”

అలమేలు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మోకాళ్ళ దగ్గర ఆమె చీర దుమ్ముతో తెల్లబడింది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

“ఈ ఇరవై ఏడూ చేరతాయి. దానికి నేను పూచీ. ఇంకొకటి పెట్టినా పూచీ పడలేను. అంతే నాకు తెలిసింది, సతీషూ.”

గోపాలస్వామి జేబులోంచి కలం తీశాడు.

“అన్నా, ఒక నిమిషం” అంది భువనేశ్వరి.

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. గోడ వారగా ఉన్న సంచుల వరస దగ్గరికి నెమ్మదిగా నడిచి, ఆ చివర నుంచి ఈ చివరకు తనే ఒకసారి లెక్కపెట్టుకుంది. కొడుకు వైపు తిరిగింది.

“పోయేదానికి రెండు రోజులు. కాశీ, గయ నాలుగు రోజులు. వచ్చేదానికి రెండు రోజులు. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు, మూడు మిగులు. ప్రయాగకీ అయోధ్యకీ వీళ్ళు పోతారు, నేను పోను. ఆరో రోజు సాయంత్రానికి నువ్వు కాశీలో ఉండు సతీషూ, మిగిలిన తొమ్మిది సంచులూ నువ్వు మోస్తే నీతో వచ్చేస్తా.”